మొదటి గ్లాసుతోనే

జేగాన్ ఆ రోజు కూడా పళ్లెం దగ్గరికి రాలేదు.

వాకిట్లో చాప మీద పెద్ద పళ్లెం చుట్టూ మిగతా అందరూ కూర్చున్నారు. చేపలన్నం మీద ఆవిరి ఇంకా లేస్తోంది. జేగాన్ తల్లి యాందే చేపను విడదీసి ఎవరి ముక్క వాళ్ల వైపు తోసింది. పెద్దకొడుకు కూర్చునే వైపు కూడా ఒక ముక్క తోసింది. అక్కడ మనిషి లేడు. అయినా ఆ వైపు అన్నం జోలికి ఎవరూ పోలేదు.

పికీన్ పేటలో మొగుడూ పెళ్లాలు కేకలేసుకుంటే ఎవరూ పట్టించుకోరు. ఒకే ఇంట్లో ఉంటూ ఒక మనిషి పళ్లెం దగ్గరికి రాకపోతే మాత్రం వీధి చివరి దాకా తెలిసిపోతుంది. జేగాన్ మేడ మీద గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, కొట్టు నుంచి తెచ్చుకున్న రొట్టె నములుతున్నాడు. ఆ సంగతి ఈపాటికి వీధి చివర దర్జీకి కూడా తెలిసే ఉంటుంది.

"పైన దొరగారికి రొట్టె సరిపోతుందా వదినా, ఇంకోటి పంపమంటావా?" అన్నాడు లాటిర్. జేగాన్ తమ్ముడు. నోరు ఊరుకోదు.

జైనబా అన్నం ముద్ద చేసి అలాగే పట్టుకుంది.

"అయినా తప్పు మా అన్నదేలే. ఆవులు కాసుకునే ఫులాల పిల్లని తెచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. పాలు పితకమంటే పితుకుతారు గానీ, వీళ్లకి ఈ పనులెక్కడ వస్తాయి?"

ఇది తిట్టు కాదు. సెరెర్ వాళ్లు ఫులా వాళ్లని, ఫులా వాళ్లు సెరెర్ వాళ్లని ఎంత మాటైనా అనొచ్చు. రెండు తెగల మధ్య తాతల నాటి వేళాకోళం అది. అందులో కోపం తెచ్చుకున్నవాళ్లదే తప్పు. మామూలు రోజైతే జైనబా, "అన్నం గిన్నె కనిపిస్తే తప్ప మీ సెరెర్ వాళ్లకి చుట్టరికం గుర్తురాదు" అని రెండింతలు అంటించి ఉండేది. ఈ ఇంటికి కోడలుగా వచ్చిన మొదటి రోజే అలా అని అత్తగారిని నవ్వించింది.

"నోరు మూసుకుని తిను లాటిర్," అంది ఇప్పుడు.

చాప మీద చేతులన్నీ ఆగిపోయాయి. లాటిర్ ముఖం చిన్నబోయింది. వేళాకోళానికి కోపం తెచ్చుకోవడం ఆ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు.

యాందే కోడలి వైపు చూడలేదు. "అన్నం ముందు వద్దమ్మా," అని మాత్రం అంది. తర్వాత లేచి వెళ్లి గిన్నె అడుగున ఎర్రగా వేగిన మాడు గీకి తెచ్చింది. ఆ ఇంట్లో మాడు కోసం పిల్లలు కొట్టుకుంటారు. యాందే మాత్రం ప్రతి మధ్యాహ్నం అది కోడలికే పెడుతుంది. ఈ రోజు కూడా కోడలి వైపే పెట్టింది. జైనబాకి అదే ఎక్కువ బాధనిపించింది. తిట్టినా బాగుండేది.

తిన్నాననిపించి లేచి, జేగాన్ వాటా అన్నం చిన్న గిన్నెలోకి తీసుకుని మెట్లెక్కింది.

గదిలో ఉక్కగా ఉంది. జేగాన్ వెనక్కి తిరగలేదు. తెరమీద డెమోల పండుగ తెరిచి ఉంది.

పండుగంటే పేరుకే పండుగ. ప్రపంచంలో ఆటలు అమ్మే పెద్ద అంగడి ఒకటి వారం రోజుల పాటు నడిపే సంత అది. ఇంకా విడుదల కాని ఆటలవాళ్లందరూ డెమో అని తలా ఒక ముక్క ఊరికే ఆడుకోవడానికి పెడతారు. మొదటి పూట అందరి గంపలూ ముందు వరసలోనే ఉంటాయి. ఆ తర్వాత ఏ గంప ముందు జనం ఆగారో, ఎంతమంది 'ఇది వచ్చినప్పుడు నాకు చెప్పు' అని విష్‌లిస్ట్‌లో పెట్టుకున్నారో చూసి, అంగడి తన లెక్కలో తాను గంపలు సర్దేస్తుంది. ఉన్నవాడిది ఇంకా ముందుకి, లేనివాడిది ఇంకా వెనక్కి. ఒక ఆటకి ఈ సంతలో చోటు ఒక్కసారే. రెండోసారి రానివ్వరు.

జైనబా, జేగాన్ ఏళ్ల తరబడి చేసిన ఆట పేరు 'మూడు గ్లాసులు'. ఒక వాకిలి, ఒక కుంపటి, ఒక ముసలమ్మ గొంతు. ఏదో తగువు మనసులో పెట్టుకుని ఒక చుట్టం వస్తాడు. ఆడేవాళ్లు అటాయా కాయాలి. చిక్కటి ఆకు టీని గ్లాసులోంచి గ్లాసులోకి ఎత్తి పోస్తూ నురగ తేవాలి. మొదటి గ్లాసు చేదు, చుట్టం అబద్ధం చెబుతాడు. రెండో గ్లాసుకి కొంచెం మెత్తబడతాడు. మూడో గ్లాసు తియ్యన, అప్పుడు నిజం బయటికొస్తుంది. బొమ్మలు జేగాన్‌వి. మిగతా పనంతా జైనబాది. దీనికోసం బ్యాంకులో మంచి ఉద్యోగం వదిలేసింది. ముసలమ్మ గొంతు యాందేది.

"ఎక్కడున్నాం?" అంది జైనబా.

"చూడ్డం మానేశాను."

ఆమె వంగి చూసింది. జాబితాని చాలా కిందికి జరపాల్సి వచ్చింది. వాళ్ల ఆట పైన చేపలు పట్టే ఆటలు, గుడిసెలు కట్టే ఆటలు, కప్పలకి టోపీలు తొడిగే ఆట కూడా ఉన్నాయి. అంత కిందికి వచ్చి చూసేది ఆ ఆటలు చేసినవాళ్లు తప్ప ఇంకెవరూ ఉండరు.

"ఆడినవాళ్ల సంఖ్య చూడు," అన్నాడు జేగాన్. "ఆ టోపీల కప్ప కంటే మనదే ఎక్కువమంది ఆడారు. చివరి దాకా ఆడారు. ఏడ్చామని రాశారు. వెళ్లిపోయారు."

"తెలుసు."

"ఆ గులాబీ జుట్టు కుర్రాడు ఇంటర్నెట్‌లో జనం ముందు ఆడుతూ కళ్లు తుడుచుకున్నాడు. ఆ రోజు మనం ఈ గదిలో డాన్స్ చేశాం. చివర్లో వాడేమన్నాడు? ఎంత చక్కటి చిన్న ఆట, ఇంకేమీ అక్కర్లేదు అన్నాడు. ఇంకేమీ అక్కర్లేదట."

"తెలుసన్నానుగా. డెమోని మొదటి గ్లాసు దగ్గర ఆపుదామని నేను ముందే చెప్పాను."

అప్పుడు తిరిగాడు. "ఎప్పుడు చెప్పావు? అమ్మ వచ్చి చూసి, ఒక్క గ్లాసుతో మనిషిని పంపేస్తారా, నా గొంతుతోనా అంది. నేను మూడూ తెరుద్దామన్నాను. నువ్వేమన్నావు? 'వద్దేమో' అన్నావు. అంతే. వద్దేమో అంటే వద్దని ఎవడికి తెలుస్తుంది?"

"మీ అమ్మ ముందు కోడలు అంతకంటే ఏమంటుంది?"

"బ్యాంకులో మేనేజర్ ముందు కుర్చీ తోసేసి వచ్చానని వీధంతా చెప్పుకున్నావు కదా. ఆ నోరు ఏమైంది?"

"ఆ మేనేజర్ నాకు మాడు దాచిపెట్టలేదు జేగాన్."

అతను గిన్నె మీద మూత తీసి చూసి మళ్లీ పెట్టేశాడు.

వీధిలో వాననీళ్లు ఇంకా ఇంకలేదు. ఎవరో బండిని ఆ నీళ్లలోంచి తోస్తూ దేవుణ్ణి, మునిసిపాలిటీని కలిపి తిడుతున్నారు.

"పండుగ ఇంకా అయిపోలేదు," అంది జైనబా. "ఇప్పుడైనా కత్తిరిద్దాం. మొదటి గ్లాసు దగ్గర ఆపేద్దాం."

"చేతులు కాలాక ఆకులు పట్టుకుందామంటావు."

"సగమే కాలింది."

"నిన్నటిదాకా మూడు గ్లాసులు పోసి ఇవాళ ముందు నుంచి పళ్లెం లాగేస్తే జనం తిట్టరా?"

"తిట్టనీ. మెచ్చుకున్నవాడు మన పేరు కూడా గుర్తుపెట్టుకోలేదు. తిట్టేవాడికి కనీసం పేరు గుర్తుంటుంది."

"ఆట ఉన్నట్టుండి ఆగిపోతే పాడైపోయిందనుకుంటారు. ఇంతేనని లోపల ఎవరో ఒకరు చెప్పాలి. చుట్టాన్ని పంపించాలి." అని ఆగాడు. ఆ పంపే గొంతు ఎవరిదో ఇద్దరికీ తెలుసు. ఆ ఆటలో ఇంకో గొంతు లేదు.

"అమ్మని నేను అడగను," అన్నాడు.

"నేను అడుగుతాను."

"నీ ఇష్టం. నన్ను మాత్రం అందులోకి లాగకు."

మగవాళ్లకి ఈ మాట ఎంత తేలిగ్గా వస్తుందో. ఆ ఆటలో అన్నిటా తను ఉన్నాడు, ఈ ఒక్క చోట మాత్రం ఉండడట.

యాందే వాకిట్లో చాట ముందేసుకుని ఎండిన ఎర్ర గోంగూర పువ్వుల్లోంచి పుల్లలు ఏరుతోంది. జైనబా వచ్చి పక్కన కూర్చుని తనూ ఏరసాగింది.

"తిన్నాడా?"

"గిన్నె పెట్టి వచ్చానత్తయ్యా."

"మీ ఆట జనానికి నచ్చలేదా? లాటిర్ ఏదో అంటున్నాడు."

"నచ్చింది. అదే వచ్చిన చిక్కు."

యాందే చెయ్యి ఆపింది. "నచ్చితే చిక్కేంటే?"

"కడుపు నిండిపోయింది వాళ్లకి."

"కడుపు నిండినవాడు దీవిస్తాడు."

"దీవించారు. దీవించి వెళ్లిపోయారు. రేపు అసలు ఆట వచ్చినప్పుడు మళ్లీ వస్తామని ముందే మాటివ్వాలి వాళ్లు. ఆ మాటిచ్చినవాళ్లు ఎంతమందో చూసే అంగడివాళ్లు మమ్మల్ని నలుగురికీ కనబడేచోట పెడతారు. లేకపోతే విడుదలైన రోజు మా ఆట ఒకటుందని ఎవరికీ తెలియదు."

"అంటే, ఆకలితో పంపాలి."

జైనబా తల వంచుకుని పువ్వులు ఏరింది. "అవునత్తయ్యా."

"మా అత్తగారి సంగతి నీకు చెప్పానా?" అంది యాందే. చెప్పలేదు. "నా పెళ్లైన కొత్తలో మా అన్నయ్య నన్ను చూడ్డానికి ఫాతిక్ నుంచి వచ్చాడు. ఈ వాకిట్లోనే. ఏదో పాత కక్ష, నాకిప్పటికీ తెలీదు. ఆవిడ వాడికి ఒక్క గ్లాసు పోసింది. వాడు తాగి ఖాళీ గ్లాసు తిరిగి ఇచ్చాడు, రెండోదానికి. ఆవిడ ఆ గ్లాసు బోర్లించి, కుంపట్లో నీళ్లు చల్లింది."

"ఆయనేమన్నారు?"

"ఏమంటాడు? చెప్పులు తొడుక్కున్నాడు. చచ్చేదాకా మళ్లీ ఈ గుమ్మం తొక్కలేదు. నేనే ఫాతిక్ వెళ్లి చూసి వచ్చేదాన్ని. ఆ కుంపటి నా చేతికొచ్చిన రోజు అనుకున్నాను, నా చేత్తో ఎవరినీ మొదటి గ్లాసుతో పంపనని. పోలీసువాడొచ్చినా మూడూ తాగించి పంపాను." చాట పక్కకి పెట్టింది. "ఇప్పుడు ఆ మాట నా నోటితో అనమంటున్నావు."

"అది నిజం చుట్టాలతో కాదత్తయ్యా. ఆటలో."

"ఆటలో నేను కాదా? చదువు రాదు, నా గొంతెందుకే అంటే, 'వాకిట్లో మాట్లాడినట్టే మాట్లాడండి చాలు, ఆటలో ఆవిడ మీరే' అన్నావు. ఇప్పుడేమో నేను కాదంటావా?"

జైనబా ఎర్రరంగు అంటిన వేళ్లు కట్టుబట్టకి తుడుచుకోబోయి ఆగింది.

"చెయ్యకపోతే ఏమవుతుంది?" అంది యాందే.

"ఆట పోతుంది. నేను మళ్లీ ఏదో బ్యాంకులో కూర్చుంటాను. ఆయన ఇంకో ఆట చెయ్యరు."

"వాడన్నాడా ఆ మాట?"

"ఆయన ఏమీ అనడం లేదు. పళ్లెం దగ్గరికి రావడం లేదు. మీరూ చూస్తున్నారుగా."

యాందే చాలాసేపు కోడలి ముఖంలోకి చూసింది. తర్వాత మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. "పద," అంది.

మేడ మీద గదిలో గోడలకి దుప్పట్లు కట్టి ఉన్నాయి, వీధి చప్పుడు లోపలికి రాకుండా. తల్లిని చూసి జేగాన్ లేచి కుర్చీ ఇచ్చాడు. నన్ను లాగకు అన్నవాడే ఫ్యాన్ ఆపాడు, మైకు తల్లి నోటి ఎత్తుకి దించాడు. ముఖం మాత్రం చూపించలేదు.

"ఇప్పుడే మొదటి గ్లాసు పోశారనుకోండి అత్తయ్యా. చుట్టం తాగేశాడు. గ్లాసు తిరిగి ఇచ్చాడు. ఇక పంపించెయ్యాలి."

యాందే గొంతు సవరించుకుంది. కళ్లు మూసుకుంది. "తాగావా నాయనా? కూర్చో, రెండోది మరుగుతోంది..."

ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు.

"కూర్చోమనకూడదు అత్తయ్యా."

"తెలుసే. నోటికి అలవాటు." చేత్తో ముఖం తుడుచుకుంది. "ఇది ఎంతమంది వింటారు?"

"చాలామంది. వినాలనే కదా."

"అందరికీ ఇదే చెబుతానా?"

"అవును."

యాందే ఈసారి కళ్లు మూసుకోలేదు. మైకు వైపు కాకుండా జైనబా వైపు చూస్తూ అంది. "ఈ పూటకి ఇంతే. ఇక వెళ్లిరా."

ఆ గొంతులో కోపం లేదు, ప్రేమా లేదు. చక్కెర వెయ్యని టీలా ఉంది. విన్నవాడికి వెంటనే వెనక్కి తిరిగి, ఏం తప్పు చేశానని అడగాలనిపించేలా ఉంది. జైనబాకి కావలసింది సరిగ్గా అదే.

"బాగుంది," అంది. నోట్లోంచి ఆ మాట వచ్చాక ఎందుకన్నానా అనిపించింది.

యాందే లేచి వెళ్లిపోయింది. మెట్లు దిగుతున్న చప్పుడు ఆగేదాకా జేగాన్ కిటికీ దగ్గరే నిలబడ్డాడు.

"నువ్వు నొక్కు," అన్నాడు.

జైనబాయే నొక్కింది. మూడు గ్లాసుల డెమో పోయి ఒక్క గ్లాసు డెమో సంతలోకి వెళ్లింది.

ముందు వచ్చినవి తిట్లే. మా స్నేహితుడికి అంతా చూపించి నాకు సగమేనా అని ఒకడు. పిసినారులని ఒకడు. ఆ ముసలమ్మకి అంత పొగరెందుకని ఇంకొకడు. జైనబా ఆ చివరిది చదివి, జేగాన్ చూడకముందే పైకి తోసేసింది. ఎండ వాలే వేళకి ఫోను అదరడం మొదలైంది. ఒక్కో విష్‌లిస్ట్‌కి ఒక్కసారి అదిరేలా పండుగ మొదటి రోజే పెట్టుకుంది, ఆ రోజు ఆశ అలాంటిది. ఇన్నాళ్లూ రాయిలా పడి ఉన్న ఫోను ఇప్పుడు బల్ల మీద ఊరుకోవడం లేదు. 'ఆవిడ నన్నెందుకు పంపేసింది? తర్వాత ఏమవుతుంది?' అని ఎవరో రాశారు. వాళ్ల ఆట టోపీల కప్పని దాటి పైకి వచ్చింది.

"జేగాన్, చూడు."

అతను చూశాడు. చాలా రోజుల తర్వాత అతని ముఖంలో ఏదో కదిలింది. "అమ్మకి చెప్పు," అన్నాడు.

జైనబా ఫోను పట్టుకుని మెట్లు దిగింది. వెనకాలే అతనూ దిగుతున్నాడని అడుగుల చప్పుడులో తెలిసింది. ఈ రాత్రి పళ్లెం దగ్గర ఆ ఖాళీ చోటు నిండుతుందని ఆమెకి అప్పుడే తెలిసిపోయింది.

వాకిట్లో కుంపటి రాజుకుని ఉంది. యాందే చిన్న కూజా లోంచి టీని గ్లాసులోకి ఎత్తి పోస్తోంది. లాటిర్ చాప మీద కాళ్లు చాపుకుని ఉన్నాడు. మధ్యాహ్నం మాట మనసులో ఉందో ఏమో, వదిన వైపు చూడలేదు.

"అత్తయ్యా, మీ గొంతు విని జనం..." అని మొదలుపెట్టింది జైనబా.

"కూర్చో. ముందు తాగు."

మొదటి గ్లాసు ఎప్పుడూ ఇంట్లో పెద్దవాళ్లకో, వచ్చిన చుట్టానికో ఇస్తారు. యాందే దాన్ని కోడలి చేతికిచ్చింది. జైనబాకి పొద్దుటి నుంచి మోసిన బరువంతా దిగినట్టయింది. చేదు టీ చప్పరిస్తూ తాగి, ఎప్పటిలాగే ఖాళీ గ్లాసు చెయ్యి చాచి తిరిగి ఇచ్చింది.

యాందే గ్లాసు తీసుకుంది. నీళ్లతో కడిగింది. పళ్లెంలో బోర్లించింది.

తర్వాత చెంబు ఎత్తి కుంపట్లో నీళ్లు చల్లింది. బొగ్గులు చుయ్యిమన్నాయి.

"అమ్మా, మాకు?" అన్నాడు లాటిర్. అని, తల్లి ముఖం చూసి, చాచిన కాళ్లు ముడుచుకున్నాడు.

"ఈ పూటకి ఇంతే," అంది యాందే కోడలితో. "ఇక వెళ్లిరా."

మేడ మీద మైకులోకి అన్న గొంతే. చక్కెర లేదు.

జైనబా మొగుడి వైపు చూసింది. అతను ఆఖరి మెట్టు మీద నిలబడి ఉన్నాడు. అమ్మా అని ఒక్క మాట అంటే చాలు. అతను నెమ్మదిగా వచ్చి తల్లి పక్కన, చాప మీద తన చోట్లో కూర్చుని, ఆరిపోయిన బొగ్గుల వైపు చూడసాగాడు.

జైనబా చెప్పులు గుమ్మం దగ్గర ఉన్నాయి. ఆమె చేతిలో ఫోను అదిరింది, ఆగింది, మళ్లీ అదిరింది.